పెంకుల ఊరు మేడలెక్కింది

కోస్తా జిల్లాల్లో పాత ఇళ్ల మీద కనిపించే ఎర్రటి పెద్ద పెంకులను మనలో చాలామంది బెంగుళూరు పెంకులంటారు. బెంగళూరుకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. అవి మంగళూరు పెంకులు. హోటల్లో మైసూరు బజ్జీ పేరుతో అల్లం చట్నీ పక్కన పెట్టి ఇచ్చే పదార్థానికి మంగళూరులో గోళిబజె అనే తోబుట్టువు ఉంది, అక్కడివారిని అడిగితే అసలుది తమదేనంటారు. 1906లో అక్కడ పుట్టిన కెనరా బ్యాంకు ప్రధాన కార్యాలయం ఇప్పుడు బెంగళూరులో ఉంది. మంగళూరుకు దక్కాల్సిన పేరును దారిలో ఎవరో ఒకరు కొట్టేయడం కొత్తేమీ కాదు.

బహుశా అందుకే కాబోలు, ఇప్పుడా ఊరు నాలుగు దిక్కులకూ కనిపించేలా లేచి నిలబడుతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మంగళూరు నగర పాలక సంస్థ పరిధిలో ఉన్నది ఐదు లక్షల లోపు జనం. అంటే దాదాపు మన నెల్లూరంత ఊరు. అంత ఊళ్లో ముప్పై అంతస్తులు దాటిన నివాస భవనాలు లేచాయి. ఇరవై అంతస్తులవి లెక్కపెట్టడం స్థానికులు ఎప్పుడో మానేశారు. రాష్ట్ర రాజధాని కాదు, పెద్ద సాఫ్ట్‌వేర్ రాజధానీ కాదు. పడమట సముద్రం, తూర్పున కనుమలు, మధ్యలో ఎర్రమట్టి గుట్టలు. ఇలాంటి చోట ఇంత ఎత్తు కట్టడాలు ఎలా వచ్చాయి, ఎవరికోసం వచ్చాయి, ఇంకా ఎంత ఎత్తుకు వెళ్తాయి? మే మూడో వారంలో అక్కడ నాలుగు రోజులు తిరిగినప్పుడు నా మనసులో మెదిలిన ప్రశ్నలివి.

ముందు అందం సంగతి. మంగళూరును చూడాలంటే దక్షిణం వైపు నుంచి రైల్లో రావాలి. కాచిగూడ నుంచి కర్నూలు, కడప, రేణిగుంట, కోయంబత్తూరు, కేరళ తీరం మీదుగా చుట్టూ తిరిగి వచ్చే రైలు ఒకటుంది (2024లో దాన్ని ముర్డేశ్వర్ దాకా పొడిగించారు). కాసరగోడు దాటి ఉళ్లాల వచ్చేదాకా కిటికీలో కొబ్బరితోటలు తప్ప ఇంకేమీ కనిపించవు. ఇంతలో చప్పుడు మారుతుంది. రైలు నేత్రావతి వంతెన ఎక్కింది. వెడల్పాటి నది, మధ్యలో కొబ్బరిచెట్ల లంకలు, నీళ్లలో చిన్న పడవలు. తల ఎత్తితే ఎదురుగా ఉత్తరాన, ఆ చెట్ల తలల మీదుగా తెల్లగా, బూడిదరంగుగా నిలువు గీతలు గీసినట్టు భవనాలు. కింద నేల కనిపించదు. రోడ్లు కనిపించవు. పచ్చటి కొబ్బరాకుల్లోంచి నేరుగా మొలిచినట్టుంటాయి. ముంబయిలోనూ హైదరాబాద్ గచ్చిబౌలిలోనూ ఎత్తైన భవనాలను చాలా చూశాను. అక్కడ భవనం పక్కన భవనం ఉంటుంది. ఇక్కడ భవనం పక్కన చెట్టుంటుంది, గుట్ట ఉంటుంది, ఆపైన చర్చి గోపురమో గుడి ధ్వజస్తంభమో ఉంటుంది. స్కైలైన్ అనే మాటకు తెలుగులో ఆకాశరేఖ అని వాడుతుంటారు. మంగళూరులో ఆ రేఖ తిన్నగా ఉండదు, అలలా ఉంటుంది. దాని అందమంతా ఆ ఎగుడుదిగుడులోనే ఉంది.

సముద్రపు నగరం అనగానే విశాఖ బీచ్ రోడ్డులాంటిది ఊహించుకుని వెళ్లేవారికి మంగళూరు మొదట అర్థం కాదు. అసలు ఊరు సముద్రానికి ఎదురుగా లేదు. ఉత్తరం నుంచి వచ్చే గురుపుర నది (దీన్నే ఫల్గుణి అంటారు) తీరానికి దగ్గరగా వచ్చాక తిన్నగా సముద్రంలో కలవకుండా దక్షిణానికి తిరిగి ఒడ్డుకు సమాంతరంగా పారుతుంది. తూర్పు నుంచి వచ్చే నేత్రావతిని కలుసుకున్నాకే రెండూ కలిసి కడలిలోకి వెళ్తాయి. దాంతో నగరానికీ సముద్రానికీ మధ్య ఒక నది, ఒక సన్నటి ఇసుక నాలుక మిగిలాయి. ఆ నాలుక మీదే తణ్ణీరుబావి, బెంగ్రె ఉన్నాయి. మత్స్యకారుల ఇళ్లు, సరుగుడు చెట్లు, ఇసుక. టిప్పు సుల్తాన్ కాలంలో నల్లరాతితో కట్టిన కాపలా బురుజు సుల్తాన్ బత్తేరి దగ్గర పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్లి వెనక్కి తిరిగి చూడండి. కింద పాత రేవు, చేపల పడవలు, పెంకుల గోదాములు. పైన గుట్టల మీద మేడలు. మూడు వందల ఏళ్ల వ్యాపారం ఒక్క చూపులో కనిపిస్తుంది.

తీరాన్ని ఆనుకుని ఎత్తైన భవనాలు లేకపోవడానికి భూగోళంతో పాటు చట్టం కూడా కారణం. 1991 నుంచి అమల్లో ఉన్న తీరప్రాంత నియంత్రణ నిబంధనలు సముద్రపు ఒడ్డుకే కాదు, ఆటుపోట్లు వచ్చే నదుల ఒడ్డుకూ వర్తిస్తాయి. ఒడ్డున కట్టడం కష్టమయ్యేసరికి బిల్డర్ల చూపు గుట్టల మీదికి మళ్లింది. కద్రి, బెజై, బల్మఠ, బెందూరు, ఫల్నీరు, మణ్ణగుడ్డ, లేడీహిల్: ఈ పేర్లలో ఏది విన్నా ఎత్తో పల్లమో ఉంటుంది. తెలుగువాడికి ఇక్కడి పేర్లు మరో రకంగా కూడా వినోదం. పాత దీపస్తంభం ఉన్న గుట్టను బావుటగుడ్డె అంటారు. గుడ్డె అంటే తుళులో గుట్ట. బావుట అంటే మన బావుటాయే, జెండా. 1837లో, అంటే సిపాయిల తిరుగుబాటుకు ఇరవై ఏళ్ల ముందు, సుళ్య ప్రాంతపు రైతులు ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడి మంగళూరును పట్టుకుని ఆ గుట్ట మీద తమ జెండా ఎగరేశారు. పదమూడు రోజులు ఊరు వాళ్ల చేతిలో ఉంది. 1880లో మొదలైన సెయింట్ అలోషియస్ కాలేజీ ఉన్నదీ అదే గుట్ట మీద. ఆ కాలేజీ ప్రార్థనామందిరం గోడలూ కప్పూ నిండా ఇటలీ నుంచి వచ్చిన ఆంటోనియో మోస్కేని వేసిన బొమ్మలున్నాయి. ఒకప్పుడు ఓడలకు దారి చూపిన దీపస్తంభం ఇప్పుడు పార్కులో పిల్లల ఫొటోలకు నేపథ్యం. చుట్టూ ఉన్న అపార్టుమెంట్లలో ఆరో అంతస్తువాళ్లు కూడా దానికన్నా ఎత్తులో కాఫీ తాగుతున్నారు.

ఈ ఊరు ఇంతెత్తు పెరగడానికి విమానాశ్రయం కూడా ఓ చెయ్యి వేసిందంటే వింతగా ఉండొచ్చు. సాధారణంగా జరిగేది దానికి రివర్సు. విమానాలు దిగే చోటికి చుట్టుపక్కల భవనాల ఎత్తు మీద ఆంక్షలుంటాయి, ఆ ఎత్తును లెక్కగట్టేది విమానాశ్రయం నేల మట్టం నుంచి. విశాఖలో నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా కొండల నడుమ పల్లంలో, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల పైన ఉంది. చుట్టూ కట్టే ప్రతి భవనమూ ఆ పల్లపు లెక్కకు లోబడాలి. మంగళూరు విమానాశ్రయం ఊరికి ఈశాన్యాన బజ్పె దగ్గర కొండ తలను చదును చేసి కట్టింది. సముద్రమట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తు. కాబట్టి దిగువన, ఇరవై ముప్పై మీటర్ల ఎత్తులో ఉన్న స్థలానికి మొదటే అదనపు వెసులుబాటు దొరికినట్టే. కొండ మీద విమానాలు దిగడం ఎంత కష్టమో పైలట్లను అడగాలి, కొండ కింద మేడలు కట్టడం ఎంత సుఖమో బిల్డర్లను అడగాలి.

అయితే మంగళూరుకు ఆకాశరేఖ ఈనాడు కొత్తగా వచ్చింది కాదు. నూరేళ్ల క్రితమూ ఉండేది, కాకపోతే అందులో ఉన్నవి పొగగొట్టాలు. స్విట్జర్లాండులోని బాసెల్ నుంచి 1834లో వచ్చిన మిషనరీలు ఇక్కడ మతప్రచారంతో పాటు నేత, ముద్రణ, ఆపైన పెంకుల తయారీ మొదలుపెట్టారు. 1865లో జెప్పు దగ్గర నేత్రావతి ఒడ్డున పెంకుల కార్ఖానా వెలిసింది. అంతకుముందు కుమ్మరి సారె మీద చేసిన గూన పెంకులు ఒకదాని మీద ఒకటి బోలెడన్ని పేర్చాలి, కోతులు తిరిగినా గాలి వీచినా జారిపోయేవి. ఈ కొత్త పెంకుకు అంచుల్లో గాడి ఉంటుంది. ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చుంటుంది. బరువు తక్కువ, నీరు కారదు. నదుల ఒడ్డున బంకమన్ను, కనుమల్లో కట్టెలు, పక్కనే రేవు. ఇంకేం కావాలి? కొన్నేళ్లలోనే స్థానికులూ కార్ఖానాలు పెట్టారు. మంగళూరు పెంకు ఓడలెక్కి శ్రీలంకకూ బర్మాకూ తూర్పు ఆఫ్రికాకూ వెళ్లింది. మనకైతే అది పెద్ద దూరం కాదు. 1953 దాకా కోస్తా, రాయలసీమలతో పాటు దక్షిణ కన్నడ జిల్లా కూడా మద్రాసు ప్రభుత్వం కిందే ఉండేది. తాతల నాటి పెంకుటింటి పైకప్పు దించేటప్పుడు ఒక పెంకును వెనక్కి తిప్పి చూస్తే కార్ఖానా పేరు, ఊరి పేరు అచ్చుగుద్ది కనిపించేవి. పలక తర్వాత మా తరంలో చాలామంది చదివిన రెండో ఇంగ్లిషు పాఠం అదే.

కాంక్రీటు శ్లాబు వచ్చాక పెంకుకు గిరాకీ తగ్గింది. పొలాల్లో బంకమన్ను తవ్వడం కష్టమైంది, కూలి పెరిగింది. కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలింది ఏమిటంటే స్థలం. ఊరి నడుమ, నది పక్కన ఎకరాల కొద్దీ స్థలం. ఇంటికప్పుల వ్యాపారం పోయిన చోటే ఇళ్ల వ్యాపారం మొదలైంది. అదొక దారి. రెండో దారి పాత ఇళ్లది. గుట్టల మీద ఎర్రరాయితో కట్టిన పెద్ద ఇల్లు, ముందు వరండా, చుట్టూ పనస, మామిడి, పోక చెట్లు, వెనక బావి: ఇదీ మంగళూరు సంపన్నుడి ఇంటి లెక్క. ఆ ఇంటి పిల్లలు ముంబయిలో, దుబాయిలో, టొరంటోలో ఉంటారు. వారసులు పెరిగారు, స్థలం పెరగలేదు. పనసచెట్టును ఐదుగురికి పంచడం ఎలా? మన ఊళ్లలో ఏం చేస్తారో అక్కడా అదే చేశారు. డెవలప్‌మెంటుకు ఇచ్చేశారు. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ తలో రెండు ఫ్లాట్లు, మిగతావి బిల్డరుకు. స్థలాల వాటాలు గొడవ లేకుండా తెగ్గొట్టడానికి లిఫ్టు కన్నా మంచి సాధనం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

మరి కొనేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు ఊళ్లో కన్నా ఊరి బయట ఎక్కువగా దొరుకుతుంది. అవిభక్త దక్షిణ కన్నడ జిల్లా దేశానికి బ్యాంకులిచ్చిన జిల్లా. కెనరా, కార్పొరేషన్, సిండికేట్, విజయా, కర్ణాటక బ్యాంకులు ఐదూ 1906కూ 1931కూ మధ్య మంగళూరు, ఉడుపి పట్టణాల్లో పుట్టినవే. వీటిలో కర్ణాటక బ్యాంకు ప్రధాన కార్యాలయం ఒక్కటే ఇంకా మంగళూరులో మిగిలింది. విజయా బ్యాంకు 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసింది. మంగళూరులో ప్రధాన కార్యాలయం ఉన్న కార్పొరేషన్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే రోజు, అదే యూనియన్ బ్యాంకులో, 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు కూడా కలిసిపోయింది. 1980లో ఈ రెండు బ్యాంకుల జాతీయకరణా ఒకే రోజు జరిగింది. ఒకే రోజు ప్రభుత్వపరమై, ఒకే రోజు పేరు పోగొట్టుకున్న రెండు తీర పట్టణాల బ్యాంకులు. మచిలీపట్నం గురించి మంగళూరులో మాట్లాడుకునేవారెవరూ నాకు తగల్లేదు గానీ, బ్యాంకు పేరు పోయిన బాధ మాత్రం పంప్‌వెల్ దగ్గర టీకొట్టులో విన్నా మన బందరులో విన్నట్టే ఉంది.

బ్యాంకు ఉద్యోగం ఒక తరాన్ని దేశమంతా తిప్పింది. తర్వాతి తరాన్ని గల్ఫ్ పిలిచింది. ఆ డబ్బు తిరిగి వచ్చి నిలువుగా నిలబడ్డ రూపమే ఈ మేడలు. దుబాయి నుంచి రాత్రి బయల్దేరిన విమానం తెల్లారేసరికి బజ్పెలో దిగుతుంది. ఊరికీ గల్ఫ్‌కూ ఉన్న ఈ బంధం దేశం దృష్టికి వచ్చింది ఒక విషాదంతో. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి కాలిపోయింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. పెళ్లికి వస్తున్నవాళ్లు, చావుకు వస్తున్నవాళ్లు, సెలవుల్లో పిల్లలతో వస్తున్నవాళ్లు. ఈ ఊరి మేడలను చూసి డబ్బుందిలే అనేవారు, ఆ డబ్బు ఎంత దూరం నుంచి, ఎన్నేళ్ల ఒంటరితనం తర్వాత వస్తుందో కూడా తలచుకోవాలి.

రాత్రి తొమ్మిదింటికి కద్రి గుట్ట మీంచి చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. ముప్పై అంతస్తుల మేడలో వెలిగే కిటికీలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొన్నవారు ఇక్కడ లేరు. ఉన్నవారిలో ఎక్కువమంది పెద్దవాళ్లు. పిల్లలు డిసెంబరులో వస్తారు, లేకపోతే బడుల సెలవుల్లో వస్తారు. మిగతా రోజుల్లో పద్దెనిమిదో అంతస్తులో ఇద్దరు ముసలివాళ్లు, ఒక నర్సు, కిటికీ నిండా సముద్రం. ఈ ఊళ్లో ఆసుపత్రులు ఇన్ని ఎందుకున్నాయో కూడా అప్పుడు కొంత అర్థమవుతుంది. మెడికల్ కాలేజీలు, ఇంజినీరింగ్ కాలేజీలు ఊరికి యువతను తెస్తున్నమాట నిజమే. సూరత్కల్ ఎన్ఐటీలోనూ ఇక్కడి మెడికల్ కాలేజీల్లోనూ తెలుగు విద్యార్థులకు కొదవ లేదు. కానీ చదువు అయిపోగానే వాళ్లూ రైలెక్కుతారు. ఇళ్లు కట్టినంత వేగంగా ఉద్యోగాలు కట్టలేకపోవడమే మంగళూరు అసలు లోటు. ఓడరేవు ఉంది (పణంబూరు కొత్త రేవు 1974 నుంచి పనిచేస్తోంది), చమురుశుద్ధి కర్మాగారం ఉంది, సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి. అయినా మేడల్లోని ఫ్లాట్లన్నీ నింపేటన్ని కొలువులు లేవు. రాబోయే పదేళ్లలో ఇంకా ఎత్తైన భవనాలు రావచ్చు. వాటిలో రాత్రి దీపాలు వెలుగుతాయా లేదా అన్నదే నన్నడిగితే అసలైన కొలమానం.

రోడ్ల సంగతి చెప్పాలంటే ఒక్క పంప్‌వెల్ ఫ్లైఓవర్ చాలు. ఆ కూడలిలో వంతెన పని దాదాపు పదేళ్లు సాగింది. సామాజిక మాధ్యమాల్లో దాని మీద వచ్చినన్ని జోకులు ఏ రాజకీయ నాయకుడి మీదా రాలేదు. చివరికి 2020 జనవరి 31న ప్రారంభించారు. ఆ ఒక్క వంతెన పూర్తయ్యేలోగా చుట్టుపక్కల ఎన్ని మేడలు గృహప్రవేశాలు చేసుకున్నాయో లెక్కలేదు. ప్రైవేటు వాడు పైకి కడతాడు, ప్రభుత్వం అడ్డంగా కట్టాలి. అడ్డంగా కట్టడమే కష్టం. లోపలి వీధులు ఎడ్లబళ్ల నాటివి, గుట్ట చుట్టూ మెలికలు తిరిగినవి. వాటిలోనే ప్రైవేటు సిటీ బస్సులు ఒకదాన్నొకటి తరుముకుంటూ స్టేట్ బ్యాంక్ అని అరుస్తూ పరుగెత్తుతాయి. స్టేట్ బ్యాంక్ అంటే అక్కడ బస్సుల ఆఖరి స్టాపు పేరు. బ్యాంకుల ఊరికి తగ్గ బస్టాండు.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న నీళ్లు. ఏడాదికి మూడున్నర వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరిది. హైదరాబాద్ వానకు నాలుగు రెట్లు. అలాంటి ఊళ్లో నీటి కరువంటే నవ్వొస్తుంది. కానీ ఆ వానంతా దాదాపు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది, పడ్డది పడ్డట్టు ఏటవాలు నేల మీదుగా సముద్రంలోకి పోతుంది. మంగళూరు తాగే నీళ్లు నేత్రావతి మీద ఎగువన తుంబె దగ్గర కట్టిన ఆనకట్టవి. మార్చి దాటితే నదిలో ప్రవాహం సన్నబడుతుంది. 2016 వేసవిలో, మళ్లీ 2019లో, 2023లో నగరానికి రేషన్ పద్ధతిలో నీళ్లు వదలాల్సి వచ్చింది. గొట్టంలో నీళ్లు రాని రోజు రెండంతస్తుల ఇంటివాడు పెరటి బావిలో చేద వేస్తాడు. ముప్పై అంతస్తుల మేడ ట్యాంకరుకు ఫోన్ చేస్తుంది. నేను వెళ్లిన వారంలో బెజై దగ్గర ఒక మలుపులో ఎత్తు ఎక్కలేక ఆగిపోయిన ట్యాంకరు వెనక పావుగంట ఆగాను. ఆ ట్యాంకరు వెళ్తున్న భవనం ఉన్నది ఒకప్పుడు బావి ఉన్న ఆవరణలోనే అని ఆటో డ్రైవరు చెప్పాడు.

నేత్రావతి మీద ఇంకో వివాదమూ ఉంది. ఆ నదికి ఉపనదులైన ఎత్తినహొళె వాగుల నుంచి 24 టీఎంసీల నీటిని కనుమలు దాటించి తూర్పున కోలారు, చిక్కబళ్లాపుర, తుమకూరు ప్రాంతాలకు ఇచ్చే పథకానికి 2014లో శంకుస్థాపన జరిగింది, 2024 సెప్టెంబరులో మొదటి దశ ప్రారంభమైంది. నది ఎండిపోతుందని తీరప్రాంతం ఏళ్ల తరబడి ఆందోళన చేసింది. మంగళూరులో ఈ విషయం మాట్లాడితే అందరిదీ ఒకే మాట. కానీ అవతలి ఒడ్డున ఉన్న మాటా వినాలి. వెయ్యి అడుగులు తవ్వినా బోరులో నీళ్లు రాని కోలారు, చిక్కబళ్లాపుర పల్లెల్లో ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. వాళ్లకు తాగునీరు వద్దని ఏ నోటితో చెప్పగలం? అదే సమయంలో మంగళూరులో ప్రతి కొత్త మేడకూ ఎక్కడి నుంచి నీళ్లు తెస్తారో పర్మిషన్ ఇచ్చే రోజే అడగాలి కదా. పై నుంచి పడే వానను మేడ పాదాల దగ్గరే ఎంత పట్టి ఉంచగలరో లెక్క చూపమనాలి. ఎర్రరాయి నేల స్పంజిలాంటిది, తాగనిస్తే తాగుతుంది. సెల్లార్లలో మూడంతస్తుల పార్కింగు తవ్వి నాలుగు మూలలా కాంక్రీటు పోస్తే ఏం తాగుతుంది?

ఆ తవ్వకాల సంగతే ఈ ఊరి మేడల బలహీనత. గుట్ట మీద మేడ కట్టాలంటే గుట్టను నిలువుగా కోయాలి. పైన గట్టి ఎర్రరాయి పొర ఉంటుంది, చాలాచోట్ల దాని కింద మెత్తటి జేడిమన్ను ఉంటుంది. ఎండాకాలంలో కోసిన గోడ రాతి గోడలాగే నిలబడుతుంది. వాన పడగానే కింది మన్ను జారుతుంది, పైది కూలుతుంది. 2024 జులైలో బల్మఠ దగ్గర ఒక నిర్మాణ స్థలంలో ఇలాగే మట్టి విరిగిపడి ఇద్దరు కార్మికులు చిక్కుకుపోయారు. గంటల తరబడి శ్రమించి ఒకరిని ప్రాణాలతో తీశారు. రెండో మనిషి బతకలేదు. ఇద్దరూ ఉత్తరాది నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లే. అంతకుముందు 2018 మే 29న ఒక్కరోజు కురిసిన వానకు ఊళ్లో కార్లు పడవల్లా తేలాయి. రాజకాలువెలు అని పిలిచే పాత వాన కాలువలు ఇరుకైపోయాయని, వాటి మీదే గోడలు లేచాయని అప్పుడందరికీ గుర్తొచ్చింది. నీళ్లు తీయగానే ఆ గుర్తూ పోయింది.

ఇన్ని చెప్పాక మేడలు వద్దంటున్నానని అనుకోవద్దు. పైకి పోకుండా అడ్డంగా పరుచుకుంటే మంగళూరు ఈపాటికి తూర్పున అడవి పాదాల దాకా పాకేది. నదుల ఒడ్డున వరిచేలు మిగిలేవి కావు. నగరం నుంచి అరగంట దూరంలో ఇంకా పోకతోటలు, పొలాలు కనిపిస్తున్నాయంటే నిలువు పెరుగుదలకు కొంత పుణ్యం దక్కాలి. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరిన ఈ ఊరు ఫుట్‌పాత్‌లకూ కూడళ్లకూ ఖర్చుపెట్టింది. ఇప్పుడు గుట్టవాలు మీద ఎంత కోయవచ్చు, ఎంత చెట్టు ఉంచాలి, ఏ కాలువకు ఎంత దూరం వదలాలి అన్న లెక్కలు గట్టిగా రాసుకుని అమలు చేయగలిగితే పడమటి తీరంలో ముంబయికీ కొచ్చికీ నడుమ ఇంత అందమైన ఊరు మరొకటి ఉండదు. ఎందుకంటే ఇక్కడి అందం మేడది కాదు, మేడకూ చెట్టుకూ మధ్య ఉన్న వరసది. ఒక గుట్టను పూర్తిగా చదును చేసి దాని మీద నాలుగు మేడలు నిలబెడితే అది ఏ ఊరైనా కావచ్చు. గుట్టను గుట్టలాగే ఉంచి ఒక మేడ నిలబెడితే అది మంగళూరు. మన కాకినాడలోనూ విశాఖ మధురవాడలోనూ కొండల పక్కన, మడ అడవుల పక్కన పునాదులు తవ్వుతున్నవారు ఒకసారి వచ్చి రెండు రకాలూ చూసి వెళ్లడం మంచిది. కచ్చితంగా రెండూ ఇక్కడే పక్కపక్కన ఉన్నాయి.

ఇంకొక వింత. ఈ కొత్త మేడల్లో చాలావాటికి శ్లాబు మీద మళ్లీ ఒక వాలు కప్పు ఉంటుంది. ఇనుప చట్రం మీద ఎర్రరంగు రేకులు, కొన్నిచోట్ల పెంకు ఆకారంలోనే ఒత్తించిన రేకులు. నాలుగు నెలల వానకు కాంక్రీటు శ్లాబు చెమ్మగిల్లుతుంది, పాచి పడుతుంది, గోడల మీద నల్లచారలు దిగుతాయి. ఇరవై అంతస్తులు ఎక్కాక కూడా తల మీద వాలు కప్పు లేకుండా ఈ వానతో వేగలేమని బిల్డర్లు మెల్లగా ఒప్పుకున్నారు. జెప్పు దగ్గర నేత్రావతి ఒడ్డున నిలబడి చూస్తే, దూరంగా ఆకాశంలో ఆ ఎర్రటి ముక్కోణాలు వరసగా కనిపిస్తాయి.

నేను బయల్దేరే రోజుకు కేరళలో రుతుపవనాలు ఇంకో వారంలో వస్తాయని రేడియోలో చెప్పారు. ఫల్నీరులో ఒక పెద్ద గుంత పక్కన పదిహేనుమంది కార్మికులు కోసిన ఎర్రమట్టి గోడ మీద నీలిరంగు ప్లాస్టిక్ పట్టాలు పరుస్తున్నారు. పట్టా అంచుల్లో బరువుకు పెట్టడానికి వాళ్లు పక్కన కూల్చిన ఇంటి కుప్పలోంచి పాత పెంకులు ఏరుకొస్తున్నారు. సగం గోడకే పట్టాలు సరిపోయాయి. మిగతావి రేపు వస్తాయని మేస్త్రీ చెప్పాడు.